షట్టర్ దించుకుని చేసిన పని

నాకు మొదటిసారి తేడా తెలిసింది మా అవ్వకు కథ చదివి వినిపిస్తున్నప్పుడు. అవ్వకు కళ్ళు సరిగా ఆనవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె మంచం పక్కన కూర్చుని వారపత్రికలో సీరియల్ చదవడం తొమ్మిదో తరగతి నుంచీ నాకున్న అలవాటు. ఆ రోజు ఒక పొడుగాటి వాక్యం వచ్చింది. సగంలో నా ఊపిరి అయిపోయింది. ఆగి, గాలి పీల్చుకుని మిగతా సగం చదివాను. తర్వాతి వాక్యం చిన్నదే. అదీ రెండు ముక్కలైంది.

"ఏందే, నత్తి వట్టిందా?" అంది అవ్వ.

"గొంతు ఎండిపోయిందవ్వా."

"నీళ్ళు తాగి సదువు. ఆ పిల్ల తలుపు తీసిందా లేదా, ముందుగాల గది జెప్పు."

నీళ్ళు తాగి చదివాను. ఆ సాయంత్రం డైరీలో ఇలా రాసుకున్నాను: "చదువుతుంటే ఆయాసం వచ్చింది. చలి వల్ల కావచ్చు." దాని కింద ఇంకో వాక్యం ఉంది: "నాయిన ఇవాళ కూడా వదిననే పిలిచాడు." ఒకే పేజీలో ఉన్న ఆ రెండు వాక్యాలకు సంబంధం ఉందని నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఒక ఊరు. నాయిన వడ్రంగి. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, దానికో రోలింగ్ షట్టర్. ఈ చుట్టుపక్కల లేస్తున్న విల్లాలకు తలుపులు, గుమ్మాలకు దర్వాజలు చేస్తాడు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే నేను ఎంఏ తెలుగు, దూరవిద్య అని చెప్తాను. అది నిజమే. కానీ ఇంటర్ చదివే రోజుల నుంచి నా చేతులు చేసిన పని వేరు. నాయిన చిత్రిక పట్టి ఇచ్చిన చెక్కను ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది పాలిష్‌కు తయారు చేయడం నా పని.

పాలిష్ పెట్టే ముందు నాయిన ఒక పరీక్ష చేస్తాడు. అరచేయి కాయలు కాచిపోయింది కాబట్టి చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపుతో చెక్కను నిమురుతాడు. కళ్ళు మూసుకుంటాడు. ఎక్కడైనా చెయ్యి ఆగితే "ఆడ గరుకున్నది" అంటాడు. ఆగకపోతే "మంచిగుంది బిడ్డా" అంటాడు. తర్వాత చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన బెల్లం ముక్క తీసి ఇస్తాడు. దుమ్ములో పనిచేసినవాళ్ళు బెల్లం తింటే గొంతులో దుమ్ము కడుపులోకి దిగిపోతుందని నాయిన నమ్మకం. ఆయనకు పని నేర్పిన మేస్త్రి అలాగే చెప్పాడట. నాకు ఆ బెల్లం ముక్క, ఆ "బిడ్డా" అనే మాట ఉంటే చాలు. రోజుకు పది మాటలు కూడా మాట్లాడని మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది.

మా అన్న జీడిమెట్లలో ఒక కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. మూడేళ్ళ క్రితం అతనికి పెళ్లయింది. వదిన పేరు శ్రావణి. వాళ్ళవాళ్ళు కాకినాడ వైపు నుంచి వచ్చి పేట్ బషీరాబాద్‌లో ఒక కాలనీలో స్థిరపడ్డారు. ఉద్యోగాల కుటుంబం. ఆమె షెడ్డు వైపు తొంగి కూడా చూడదనుకున్నాను. రెండో నెలలోనే చున్నీ నడుముకు చుట్టుకుని లోపలికి వచ్చింది.

"మామయ్యగారూ, ఇదేం చెక్కండీ? ఎర్రగా ఉంది?"

"టేకమ్మా. నడిమి చేవ గట్లనే ఉంటది."

"మరి ఇది?"

"అది వేప. సూడు, వాసన సూడు."

అన్నేళ్ళలో నాయిన నన్ను ఏ చెక్కనూ వాసన చూడమనలేదు. నేను అడగలేదు మరి. అడగడం నాకు రాదు. ఆమెకు వచ్చు. ఆమె అడిగిన కొద్దీ నాయిన చెప్పాడు. నెల తిరిగేసరికి ఆమె ఒక కిటికీ రెక్క రుద్ది ముందు పెట్టింది. నాయిన కళ్ళు మూసుకుని నిమిరాడు. "మంచిగుంది బిడ్డా," అన్నాడు. బెల్లం ముక్కను రెండుగా విరిచి ఇద్దరికీ ఇచ్చాడు. పెద్ద ముక్క ఆమె చేతిలో పడింది. పెద్దదా చిన్నదా అని చూసే వయసు కాదని నాకు తెలుసు. అయినా చూశాను.

ఒక రోజు అన్నం తినేటప్పుడు వదిన ఫోన్‌లో ఏదో చూపిస్తూ, "మామయ్యగారూ, సాండర్ మెషిన్ కొనుక్కుంటే మనం రెండ్రోజులు రుద్దేది పూటలో అయిపోతుందండీ. చేత్తో పట్టుకునేదే, చిన్నది," అంది. నాయిన "సూద్దాం" అన్నాడు. నాయిన సూద్దాం అంటే కొంటాడని అర్థం. కొంటే అది వదిన మెషిన్ అవుతుంది. మర్నాడు ఉదయమే, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు తీసుకుని, లైబ్రరీకని చెప్పి జీడిమెట్ల బస్సెక్కాను.

ఆ కొట్టులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నెరిసిన గడ్డం ఉన్న కొట్టాయన మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గిది బెల్ట్‌ది. గట్టిగ వట్టకపోతే నిన్నే గుంజుకపోతది. గిది నాలుగు పలకలది, మెల్లగ చేస్తది. గిది గుండ్రంది, తిరుక్కుంటనే వణుకుతది, చెక్క మీద గీతలు పడయ్. ఎవరు నడుపుతరు?"

"మా నాయిన."

"అయితే గుండ్రందే తీస్కపో. సూడు, గీ బిళ్ళకు బొక్కలున్నయ్, మెషిన్ కింద కూడ ఉన్నయ్..." అని ఏదో చూపించబోయాడు. వెనక ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళు నన్నే చూస్తున్నారనిపించింది. తెలుసన్నట్టు తల ఊపేశాను.

"మంచి మాస్క్ ఉన్నదా? దుమ్ము గుంజే వాక్యూమ్?"

"ఉన్నాయి," అన్నాను. రెండూ లేవు. త్వరగా బయటపడాలి, అంతే. డిస్కులు అంటే ఆ గుండ్రటి ఉప్పు కాగితం బిళ్ళలు, మూడు రకాల గరుకువి కట్టించుకుని వచ్చేశాను.

ఇంటికి తెచ్చాక నాయిన మెషిన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మస్తుంది. ఎవరికి తెచ్చినవ్?"

"నాకే."

వదిన మొహంలో సంతోషమే కనిపించింది. "అబ్బ, కొనేశావా మౌనీ? నాకూ నేర్పాలి మరి."

"నేర్పుతా," అన్నాను. నేర్పలేదు. ఆ రోజు నుంచి షెడ్డు షట్టర్ దించుకుని పని మొదలుపెట్టాను. బయట రేకు పందిరి కింద నాయిన పాలిష్ పెడతాడు కాబట్టి, దుమ్ము ఎగిరి పాలిష్ మీద పడకుండా షట్టర్ దించుతున్నానని చెప్పాను. నాయిన మెచ్చుకున్నాడు. అసలు కారణం అది కాదు. నేను మెషిన్ ఎలా పట్టుకుంటున్నానో, ఎంత ఒత్తిడి పెడుతున్నానో వదిన చూసి నేర్చుకోకూడదు.

మెషిన్‌కు వెనక ఒక చిన్న సంచి ఉంటుంది, దుమ్ము అందులోకి పోవడానికి. అది ఊరికే నిండేది. నిండినప్పుడల్లా షట్టర్ ఎత్తి బయట దులపాలి. అందుకని వారం తిరక్కముందే దాన్ని ఊడదీసి మేకుకు తగిలించాను. చున్నీ ముక్కుకు కట్టుకునేదాన్ని. పని అయ్యాక నా కనుబొమ్మల మీద కూడా పిండి పూసినట్టుండేది. కానీ చెక్క మాత్రం అద్దంలా వచ్చేది. నాయిన ఒక తలుపు నిమిరి కళ్ళు తెరిచి మళ్ళీ నిమిరాడు. "మంచిగుంది బిడ్డా." బెల్లం మొత్తం నాకే. ఆ రోజు నేను డైరీలో రెండు పేజీలు రాశాను.

తుమ్ములు మొదట వచ్చాయి. తర్వాత పొడి దగ్గు. మూడో నెలలో, నేను చెప్పిన ఆ మధ్యాహ్నం, చదువుతుంటే ఆయాసం. మేడ్చల్‌లో క్లినిక్ డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి, "అలర్జీ అమ్మా, వెదర్ ఛేంజ్," అని సిరప్, టాబ్లెట్లు రాశాడు. పది రోజులు తగ్గింది. ఆ పది రోజులు ఎంఏ పరీక్షలని నేను షెడ్డుకు వెళ్ళలేదు. మందుతో తగ్గిందనుకున్నాను. పరీక్షలయ్యాక దగ్గు మళ్ళీ వచ్చింది. ఈసారి చెస్ట్ ఎక్స్‌రే తీయించారు. టీబీ కావచ్చని మూడు రోజులు కఫం పరీక్షకు ఇమ్మన్నారు. ఆ మూడు రోజులు నా గ్లాసు, కంచం నేనే వేరు చేసుకున్నాను. వదిన పట్టించుకోకుండా నా గ్లాసులోనే నీళ్ళు తాగింది. అది ప్రేమగా తాగిందని ఇప్పుడు తెలుసు. నాయిన ముందు మంచిదనిపించుకోవడానికి తాగిందని అప్పుడు డైరీలో రాశాను.

టీబీ కాదన్నారు. క్లినిక్ డాక్టరే, "పల్మనాలజిస్ట్‌కు చూపించండి," అని కొంపల్లి దాటాక ఉన్న ఒక పెద్ద ఆసుపత్రికి రాసిచ్చాడు. నాయినకు ఆర్డర్, అన్నకు షిఫ్టు. నాతో వదిన వచ్చింది. డాక్టరమ్మ నడివయసు మనిషి. తొందర లేకుండా అడిగింది.

"ఇంట్లో పావురాలు, కుక్క, పిల్లి?"

"లేవండి."

"కట్టెల పొయ్యి? అగరుబత్తీలు?"

"గ్యాసేనండి."

"మీరేం చేస్తుంటారు?"

"ఎంఏ చదువుతున్నానండి."

పక్కన వదిన కదిలింది. "మా ఇంటి దగ్గర షెడ్డుందండీ, అందులో తను..." అనబోయింది. నేను మధ్యలో అందుకుని, "మా నాయిన వడ్రంగి. నేను అప్పుడప్పుడు వెళ్ళి చూస్తుంటాను," అన్నాను. పెద్దవాళ్ళ ముందు నోరు పెగలని నేను ఆ ఒక్క వాక్యం తడబడకుండా చెప్పాను. వదిన నా వైపు చూసి ఊరుకుంది.

నేను ఎందుకు దాచానో సూటిగా చెప్తాను. నిజం చెప్తే డాక్టర్ నన్ను మెషిన్ ముట్టుకోవద్దంటుంది. మెషిన్ వదిన చేతికి పోతుంది. దాంతోపాటు నాయిన పక్కన నా చోటు కూడా పోతుంది. నా ఊపిరికన్నా అది ఎక్కువ అనిపించింది.

పీఎఫ్‌టీ అని ఊపిరితిత్తుల పరీక్ష చేశారు. ముక్కుకు క్లిప్ పెట్టి, గొట్టంలో ఊదమని ఒకమ్మాయి పక్కన నిలబడి "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు" అంటుంది. మొదటిసారి ఊదాక ఒక మందు పీల్పించి, కాసేపాగి మళ్ళీ ఊదించారు. రెండోసారి బాగా వచ్చింది. "ఆస్తమా," అంది డాక్టరమ్మ. "ఇన్‌హేలర్ అంటే భయపడొద్దు. అలవాటైపోతుందని ఎవరైనా చెప్తే వినొద్దు. రోజూ రెండు పూటలా పీల్చి నోరు పుక్కిలించండి."

ఇంటికొచ్చాక అవ్వ ఇన్‌హేలర్‌ను చేతితో తడిమి చూసింది. "మా అత్తకు సుత దమ్ముండె. గీ పీకలు అప్పుడు లేకపాయె."

ఇన్‌హేలర్‌తో ఒక నెల బాగానే ఉంది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. డాక్టరమ్మ డోస్ పెంచింది. పడుకునే ముందు వేసుకునే ఒక టాబ్లెట్ కలిపింది. మూడోసారి వెళ్ళినప్పుడు ఫైలు మూసి నన్నే చూసింది. "ఈ మందులు పనిచేయాలి. చేయడం లేదంటే నాకు తెలియంది ఏదో ఉంది. కనుక్కుందాం." పీక్ ఫ్లో మీటర్ అని ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి, రోజుకు మూడుసార్లు ఊది అంకె రాయమంది. ఊపిరి బాగుంటే అంకె పెరుగుతుంది. చార్ట్‌లో అంకె పక్కన ఒక గడి ఉంది. ఆ పూట ఎక్కడున్నారో, ఏం చేశారో అందులో రాయాలి. నేను అన్ని గడుల్లోనూ "ఇంట్లో" అని రాశాను. షెడ్డు ఇంటి ఆవరణలోనే ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే నాయిన దూలాల మీద నుంచి రెండు టేకు పలకలు దించాడు. ఆ పలకలు నేను పదో తరగతిలో ఉన్నప్పటివి. "గివి నీ పుస్తకాల అల్మారకు," అని అప్పుడు పైకెక్కించాడు. అన్నేళ్ళుగా ఆరి, ముదిరి, గంట కొట్టినట్టు మోగేవి. వాటిని జోడించి ఉయ్యాల బల్ల చేస్తానన్నాడు, వదిన పుట్టింటి హాల్లోకి.

"ఆల్ల నాయిన అడిగిండు బిడ్డా. వియ్యపాయిన అడిగితే కాదంటనా? అల్మారకు ఇంకో కట్టె తెద్దం."

"సరే నాయినా," అన్నాను. నా మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్న పుస్తకాలన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి. "బల్ల మాత్రం నేనే సాండింగ్ చేస్తా," అన్నాను. వాళ్ళింట్లో వాళ్ళు కూర్చునే నునుపు నా చేతిదై ఉండాలి. అదొక పంతం.

రెండో రోజు మధ్యాహ్నం. షట్టర్ దించి ఉంది. మూడు గంటలుగా ఆపకుండా చేస్తున్నాను. ఛాతీకి ఎవరో తాడు చుట్టి బిగిస్తున్నట్టు మొదలైంది. కాసేపాగితే పోతుందనుకున్నాను. పోలేదు. ఇన్‌హేలర్ ఇంట్లో ఉంది. మెషిన్ బల్ల మీద నుంచి తీసి పక్కన వెల్లకిలా పెట్టాను, స్విచ్ ఆపడానికి కూడా వేలు రాలేదు. షట్టర్ దగ్గరకు వెళ్ళి వంగి పట్టుకున్నాను. దాన్ని ఎత్తాలంటే రెండు చేతుల బలం, ఒక గుక్కెడు గాలి కావాలి. నా దగ్గర రెండూ లేవు. అరుద్దామంటే గొంతులో ఈల తప్ప ఏమీ రాలేదు. కింద కూర్చుండిపోయాను.

షట్టర్ దానంతటదే లేచినట్టు లేచింది. వదిన కాళ్ళు కనిపించాయి, తర్వాత వదిన. ఆమె నన్ను వెలుగులోకి లాగింది. "అవ్వగారూ, మౌని ఇన్‌హేలర్ ఎక్కడుందండీ? మామయ్యగారూ, ఆటో," అని ఆమె అరవడం విన్నాను. ఆటోలో నా వీపు నిమురుతూనే ఉంది.

ఎమర్జెన్సీలో వేలికి క్లిప్ పెట్టారు. "ఆక్సిజన్ శాచురేషన్ పడిపోయింది, నెబ్యులైజేషన్ ఇవ్వండి, స్టెరాయిడ్ ఐవీ," అన్నాడు డ్యూటీ డాక్టర్. మాస్క్‌లోంచి పొగలాంటి మందు లోపలికి వెళ్తుంటే, తాడు ఒక్కో చుట్టూ విప్పుతున్నట్టనిపించింది. "ఏం చేస్తుండగా వచ్చింది?" అని ఆయన వదినను అడిగాడు. వదిన నా వైపు చూసింది. "తను చెప్తుందండీ, ఊపిరి అందాక," అంది. అంతే.

రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ సాయంత్రం వార్డులో నేను ఆమెను అడిగాను, లోపల ఉన్నది ఎలా తెలిసిందని.

"రోజూ వింటాను కదా. చూడనివ్వవు, వింటే తప్పేముంది? చెక్క మీద ఉంటే మెషిన్ ఒకలా మూలుగుతుంది, గాలిలో ఉంటే ఇంకోలా. ఇవాళ ఎంతసేపటికీ గాలిలోనే తిరుగుతోంది. నువ్వు మెషిన్ ఊరికే తిప్పే మనిషివి కాదు."

షట్టర్ అవతల నిలబడి ఆమె చెవులతో నేర్చుకుంది. నేను అన్నీ మూశాననుకున్నాను.

"మరి డాక్టర్‌కు ఎందుకు చెప్పలేదు?"

వదిన కొంచెం నవ్వింది. "చెప్తే, మెషిన్ కోసం చెప్పానంటావు. మొదటిరోజు నువ్వు మాట తప్పించినప్పుడే అర్థమైంది. నేను పిచ్చిదాన్నా?" తర్వాత నవ్వు లేకుండా అంది. "ఆ పలకలు నీ బీరువా కోసమని నాకు నిన్నటిదాకా తెలీదు మౌనీ. అవ్వగారు చెప్పారు. నాకు చెప్పి ఏడవొచ్చు కదా."

నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు కుళ్ళు కూడా అలాగే ఉంది. ఆమె నాకంటే మంచిది కావడం కూడా నాకు భరించరానిదే అయింది. కానీ ఊపిరి ఆడకపోవడం ఎలా ఉంటుందో అప్పటికి తెలిసింది. డాక్టరమ్మకు చూపించడానికి ఇంటి నుంచి నా డైరీ, చార్ట్, ఒక వాడిన డిస్క్ తెప్పించమన్నాను.

మర్నాడు డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చినప్పుడు చార్ట్‌ను, డైరీని పక్కపక్కన పెట్టాను. చార్ట్‌లో "ఇంట్లో" అని ఉన్న తారీఖులకు డైరీలో "షెడ్డు, రెండు గంటలు, టేకు తలుపు", "షెడ్డు, బల్ల" అని ఉంది. షెడ్డుకు వెళ్ళని రోజుల్లో పీక్ ఫ్లో మూడువందల నలభై, యాభై. వెళ్ళిన సాయంత్రాల్లో రెండువందల పది. ఒక్కో రోజు అంతకన్నా తక్కువ. ఆమె వేలితో ఒక్కో గడి చూస్తూ వచ్చింది.

"షెడ్డుకు కిటికీలున్నాయా?"

"లేవండి. షట్టర్ ఉంది. దించుకుంటాను."

"ఎందుకు?"

వదిన నా మంచం చివర నిలబడి ఉంది. "మా వదిన చూసి నేర్చుకోకూడదని," అన్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. "ఎన్ని గంటలు?" అని అడిగింది. రాసుకుంది. "మాస్క్?"

"చున్నీ. పని అయ్యాక బెల్లం తింటాను."

అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డ నాయిన, "దుమ్ము కడుపులకు దిగుతదని నేనే ఇస్త మేడం," అన్నాడు.

"బెల్లం వెళ్ళేది కడుపులోకి బాబాయ్. దుమ్ము వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకి. రెండూ ఎక్కడా కలవవు."

నాయిన చేయి జేబు మీదికి పోయింది. ఆయన మొహం నేను అలా ఎప్పుడూ చూడలేదు.

డిస్క్‌ను వదిన కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. "దీని చిల్లులూ మెషిన్ చిల్లులూ ఒకదాని మీద ఒకటి రావాలి. అప్పుడే దుమ్ము లోపలికి లాగుతుంది. నువ్వు ఎలా పడితే అలా అంటించావు. చూడు, చిల్లుల చుట్టూ దుమ్ము గట్టిపడిపోయింది." కొట్టాయన చెప్పబోయింది అదే. నేను తెలుసని తల ఊపింది దానికే.

"ఆక్యుపేషనల్ ఆస్తమా, అంటే చేసే పని వల్ల వచ్చేది," అంది డాక్టరమ్మ. "మీ ఒంటికి చెక్కపొడి పడటం లేదు, టేకైతే మరీ. ఇప్పుడు తెలిసింది కాబట్టి మందులు పనిచేస్తాయి. కానీ ఆ మెషిన్ ఇక మీకు కాదు."

మీకు కాదు. ఇన్ని నెలలు నేను తప్పించుకుంటూ వచ్చిన మాట అదే.

ఇంటికొచ్చేసరికి షట్టర్ ఎత్తి ఉంది. వదిన మెషిన్‌ను బయట పందిరి చివరకు మార్చింది. మంచి మాస్క్, దుమ్ము లాగే వాక్యూమ్ పైపు నాయిన తెచ్చాడు. నేను ఇంటి అరుగు మీద కూర్చుని ఆ మోత వినేదాన్ని. నిజం చెప్పాలి, అది విన్న ప్రతిసారీ కడుపు మండేది. ఒక నెలకు అంకెలు మూడువందల అరవైకి వచ్చాయి. ఒక రోజు వదిన పుట్టింటికి వెళ్ళింది. మాస్క్ పెట్టుకుని, డిస్క్ చిల్లులు సరిగ్గా కలిపి, ఒక చిన్న వేప చెక్క మీద పది నిమిషాలు నడిపాను. నాకు ఇంకా వచ్చా లేదా అని చూసుకోవడానికి. సాయంత్రానికి రెండువందల అరవై. ఈసారి దాచలేదు. నేనే ఫోన్ చేసి చెప్పాను. డాక్టరమ్మ డోస్ మార్చి, "చెప్పినందుకు సంతోషం. చేసినందుకు కాదు," అంది.

అవ్వ మాత్రం వదల్లేదు. "దమ్ముకు మందు రాసిండ్రు. గీ కడుపుల మంటకేం రాసిందే డాక్టరమ్మ?"

"దానికి నీకు సీరియల్ చదవాలట."

"అయితే కూసో. జల్దీ సదువు."

ఉయ్యాల బల్లను నేను సగం దాకా చేసి వదిలాను కదా. మిగతా సగం వదిన పూర్తి చేసింది. పాలిష్‌కు ముందు నాయిన దాన్ని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, అరుగు మీదికి మోయించాడు. "సూడు," అన్నాడు నాతో. ఆయన చెయ్యి పెట్టలేదు. నేను చెయ్యి తిప్పి, కళ్ళు మూసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాను. నేను ఎక్కడ ఆపానో, ఆమె ఎక్కడ మొదలుపెట్టిందో వెతికాను. గీత ఉంటుందనుకున్నాను. మళ్ళీ నిమిరాను. దొరకలేదు. వదిన ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"మంచిగుంది వదినా," అన్నాను. ఆ మాట అనడం నాకు ఆ పీఎఫ్‌టీ గొట్టంలో ఊదడం కన్నా కష్టమైంది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇన్‌హేలర్ ఇంకా ఉంది, డోస్ తగ్గింది. ఉదయం, సాయంత్రం పీక్ ఫ్లో ఊది నా డైరీలోనే రాసుకుంటున్నాను, వేరే చార్ట్ లేదు. వదిన చేసిన ప్రతి తలుపూ తుడిచాక అరుగు మీదికి వస్తుంది. నాయిన చూపు, చెయ్యి రెండూ మందగిస్తున్నాయి. పరీక్ష ఇప్పుడు నాది. మొన్న ఒక దర్వాజకు మూలలో చెయ్యి ఆగింది. "ఆడ గరుకున్నది," అన్నాను. "ఎక్కడే తల్లీ, లేదు," అని వదిన గొణుక్కుంటూ వచ్చి నిమిరి, తిరిగి మోసుకుపోయింది. నాకు అంత సంతోషం కలగకూడదు. కలిగింది. నాయిన బెల్లం తేవడం మానలేదు. దుమ్ము పోతుందని కాదు, అలవాటట. ఆ బెల్లం ముక్కను సగానికి విరుస్తాడు. పెద్ద ముక్క ఎవరికి వచ్చిందో నేను ఇప్పటికీ చూస్తాను.

దగ్గో ఆయాసమో తగ్గక తిరుగుతున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. "ఏం చేస్తుంటారు" అని డాక్టర్ అడిగినప్పుడు మీ చదువు, మీ హోదా చెప్పకండి. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ చేతులు ఏం పట్టుకున్నాయో, ఆ గదికి తలుపు తీసి ఉందో మూసి ఉందో చెప్పండి. మూసి ఉంటే ఎందుకు మూశారో కూడా చెప్పండి. నాకు మందు పనిచేయడం మొదలైంది ఆ చివరి మాట చెప్పాకే.